గొర్రెపిల్ల కోసం నాలుగు నిమిషాలు

జూన్ 3

గిన్నెకోడీ,

సమస్త బంధుమిత్రులకూ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మా ఇంటి ముందుగదిలో కంప్యూటరు బల్ల నాలుగో కాలు కింద గత పదకొండేళ్ళుగా అవిశ్రాంతంగా పనిచేసిన అట్టముక్క ఈ ఉదయం తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు పదవీ విరమణ చేసింది. దాని స్థానంలో చెప్పుల డబ్బా మూత నుంచి కోసిన కొత్త అట్టముక్క బాధ్యతలు స్వీకరించింది. ఈ సందర్భంగా నేను రెండు ముక్కలు మాట్లాడాను. మీ అత్తయ్య సభకు హాజరైంది గానీ చప్పట్లు కొట్టలేదు. "ఎలాగూ కిందే కూర్చున్నావు, ఆ దుమ్ము కూడా ఊడ్చు" అని సందేశం ఇచ్చింది.

ఇక అసలు సంగతి. మీ ఆఫీసు చేసిన ఆ బైబిలు ప్రోగ్రాంలో వెతుకులాట ఎంత నిదానంగా ఉందో వాడేవాళ్ళ చేత కాగితం మీద రాయించి తెమ్మన్నారని చెప్పావు కదా. రాస్తున్నా. ఏడో తరగతితో బడికి దండం పెట్టి, కాటాలు బాగుచేసుకుని బతికేవాణ్ణి. తప్పులుంటే తరుగు కింద తీసేయ్.

మొన్న బుధవారం సాయంత్రం ఎప్పటిలాగే మా ముందుగదిలో బైబిలు చదువుకోడానికి కూర్చున్నాం. పాస్టరుగారు, రిటైరైన నర్సమ్మగారు, మీ అత్తయ్య, నేను, ఇంకో నలుగురు. "గొర్రెపిల్ల అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూడవయ్యా" అన్నారు పాస్టరుగారు. కొట్టాను, నొక్కాను. తెర మీద ఆ చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. తిరుగుతోంది, తిరుగుతోంది. నర్సమ్మగారు నాడి చూసే వాచీ పట్టుకుని లెక్కపెట్టారు. నాలుగు నిమిషాల పది సెకండ్లు. ఈలోగా పాస్టరుగారు ఇంటికెళ్ళి, స్నానం చేసి, భోంచేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి "ఇంతకీ నేనేం వెతకమన్నాను?" అన్నారు.

మా పిల్లి సంగతి చెప్పనేలేదు. కంప్యూటరు డబ్బా వెచ్చగా ఉంటుందని దాని మీదే కాపురం పెట్టింది. మాకు గొర్రెపిల్ల దొరికేలోపు అది పిల్లల్ని కనేస్తుందేమో అని నర్సమ్మగారు చేతులు కడుక్కుని సిద్ధంగా కూర్చున్నారు.

మీ అమ్మకి చెప్పు, తమ్ముడు ఇంకా బుద్ధిమంతుడు కాలేదని.

చక్రం వంక చూస్తూ,
మామయ్య


జూన్ 7

మామయ్యా,

అట్టముక్కకి నా నివాళి. నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. నోరు మూసుకుని భుజాలు కదుపుతుంటే పక్క సీటు అమ్మాయి "ఇంట్లో ఎవరైనా పోయారా?" అని నీళ్ళు తెచ్చిచ్చింది.

ఇక కాసేపు నవ్వించడం ఆపు. నా పరిస్థితి విను. మా ప్రోగ్రాంలో ప్రతి వచనం కిందా మనకి తోచింది రాసుకోడానికి ఒక చిన్న గడి ఉంటుంది కదా, నోట్సు అని. అది నేను చేసింది. ఈ ఉద్యోగంలో చేరాక నేనొక్కదాన్నే కూర్చుని చేసిన మొదటి పని. ఎవరైనా మాట వెతికితే ప్రోగ్రాం బైబిల్లోనూ చూస్తుంది, వాళ్ళ నోట్సులోనూ చూస్తుంది. ఇప్పుడు ఆలస్యమంతా నోట్సు వల్లే అని మా పెద్దసారుకి అనుమానం. "నెలాఖరులోపు కారణం చూపించు, లేదంటే ముప్ఫయ్యో తారీఖున ఇచ్చే కొత్త ప్రోగ్రాంలో నోట్సు ఉండదు" అనేశారు. అందరి ముందూ అన్నారు. నేను తలూపాను. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను.

ఇక్కడ మా కంప్యూటర్లలో గొర్రెపిల్ల అని కొడితే వేలు తీసేలోపు వచ్చేస్తుంది. ఫిర్యాదులు చేసింది కొద్దిమందే. అందరికన్నా ఘోరం మీ ఇంట్లోది. కాబట్టి మీ ఇంట్లో కారణం దొరికితే నా నోట్సు బతుకుతుంది. ఫోన్ చేయొచ్చు గానీ, సారు ఫైల్లో పెట్టడానికి కాగితం అడుగుతున్నారు. పైగా ఫోన్లో నువ్వు సగం మాటలోనే నవ్వేస్తావు.

నాలుగు నిమిషాల పది సెకండ్లు, నాడి చూసే వాచీ ఇలాంటివి సారుకి చూపించలేను. అంత ఆలస్యం ఎక్కడా ఉండదు మామయ్యా, నాకు తెలుసు. ఓ పది సెకండ్లని రాసుకున్నాను. కానీ పిల్లి మాట మాత్రం నాకు పట్టుకుంది. గాలి ఆడే కన్నాల మీద అది పడుకుంటే డబ్బా వేడెక్కుతుంది. వేడెక్కితే కంప్యూటరు తనంతట తనే నెమ్మదిస్తుంది. అది ఎక్కడ పడుకుంటుంది? రోజుకి ఎన్ని గంటలు? బరువెంత? కాటాలున్న ఇల్లే కదా.

ఇంకోటి, మీరు నోట్సులో ఎన్ని రాసుకున్నారు? పదా, ఇరవయ్యా?

అత్తయ్య చెయ్యి ఎలా ఉంది?

నీ మేనకోడలు
(గిన్నెకోడి అని కవరు మీద రాయకు. పోస్టుమాన్ నన్ను అలాగే పిలుస్తున్నాడు.)


జూన్ 10

శ్రీమతి గిన్నెకోడి గారికి,

కవరు మీద రాయలేదు, లోపలే రాశాను. నీ మాట కాదన్నానా?

పిల్లి నివేదిక. పడక: కంప్యూటరు డబ్బా నెత్తిన, కుడివైపుకి ఒరిగి. సమయం: పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా, మధ్యలో భోజన విరామం. బరువు: మూడు కిలోల ఎనిమిది వందల యాభై గ్రాములు. నిన్న సరిచేసిన కాటా మీదే తూచాను. కాటా నాకు అన్నం పెట్టేది, దాని మీద ఒట్టేసి చెబుతున్నా.

అదనపు సమాచారం: నర్సమ్మగారు ఎడమవైపు కుర్చీలో కూర్చుంటే వెతుకులాట ఇంకా నెమ్మదిస్తోంది. కుడివైపు కూర్చోబెడితే కాస్త నయం. ఆమె బరువు తూచే ధైర్యం నాకు లేదు.

ఇంకో ముక్క. నాలుగేళ్ళ కింద ఇది బాగానే పరిగెత్తేది. నెల నెలా కొంచెం కొంచెం చతికిలబడుతూ వచ్చింది. ముసలితనం అందరికీ వస్తుందిలే అనుకున్నాం.

నోట్సంటావా, నేనెక్కడ, నోట్సెక్కడ? బడిలో నోట్సు రాయమన్నందుకే కదా గోడ దూకింది. ఒక్కటీ రాయలేదు.

మీ అత్తయ్య చెయ్యి అలాగే ఉంది. ఆపరేషన్ అయ్యాక కుడిచేతి వేళ్ళు సగమే ముడుచుకుంటున్నాయి. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది. అలాగని ఖాళీగా కూర్చునే మనిషి కాదుగా, ఏదో ఒకటి చేసుకుంటూనే ఉంటుంది. నిన్ను అడిగానని చెప్పమంది.

మీ సారు అంత కోపిష్టి అయితే చెప్పు, ఆయన ఇంటి కాటాలో పావుకిలో ఎక్కువ చూపించే ఏర్పాటు చేస్తా.

తూకం తప్పని
మామయ్య


జూన్ 14

మామయ్యా,

పిల్లి ఉందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పు.

ఎందుకంటే నీ నివేదిక అందిన పూటే మీటింగులో చదివాను. బరువుతో సహా. సారు "సరే, పరీక్షించు" అన్నారు. మూడు రోజులు, మామయ్యా, మూడు రోజులు నేను జుట్టు ఆరబెట్టుకునే మిషను పట్టుకుని ఆఫీసు కంప్యూటరుకి వేడిగాలి కొట్టాను. వచ్చినవాళ్ళందరూ "దానికి తలంటు పోశావా?" అని అడిగి వెళ్ళారు. అంతా అయ్యాక తేడా ఎంతో తెలుసా? అర సెకండు. సారు ఆ మిషను తీగ చుట్టి నా చేతికిచ్చి వెళ్ళారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇంటికొచ్చి అమ్మకి చెబితే, "వాడి ఇంట్లో పిల్లి ఎక్కడిదే? మీ అత్తకి పిల్లి వెంట్రుకలు పడితే తుమ్ములు ఆగవు" అంది. నాకు నవ్వు రాలేదు మామయ్యా. ముసలితనం, నాలుగేళ్ళు అని రాశావే, దాన్ని కూడా కొట్టేశాను. నీ ఉత్తరంలో ఏది పట్టుకోవాలో నాకు తెలీలేదు.

సరే, నీ మీద కోపం ఒకరోజు ఉంటుంది, పోతుంది. విషయం ఎలాగోలా తేలింది. సారు మధ్యేమార్గం చెప్పారు. నోట్సు పూర్తిగా తీసేయరు. కొత్త ప్రోగ్రాం పెట్టుకోగానే, ఎవరి కంప్యూటర్లోనైనా చివరగా రాసిన వెయ్యి నోట్సు మాత్రమే మిగులుతాయి, అంతకుముందువి చెరిగిపోతాయి. దాంతో ఎప్పటికీ బరువెక్కదు. అసలు వెయ్యి నోట్సు రాసేవాళ్ళు ఎవరుంటారు? ఒప్పుకుని సంతకం పెట్టేశాను. నా గడి బతికింది, అది చాలు.

ముప్ఫయ్యో తారీఖున మీకు దానంతటదే వచ్చేస్తుంది. నువ్వేమీ నొక్కక్కర్లేదు.

నీ మేనకోడలు


జూన్ 17

అమ్మాయ్,

పిల్లి లేదు.

మూడుసార్లు ఫోన్ చేశాను, నువ్వు మీటింగులో ఉన్నావన్నారు. నాలుగోసారి నేనే పెట్టేశాను. మీ సారుకి కాగితం కావాలి కదా. ఇది కాగితమే. ఆయనకి చూపించు.

వెయ్యి నోట్సు రాసేవాళ్ళు ఎవరుంటారని అడిగావు. మా ఇంట్లో ఉన్నారు. మీ అత్తయ్య.

పెళ్ళైన కొత్తలో ఆమె బైబిలు మొత్తం తన చేత్తో రాయాలని మొదలెట్టింది. కుట్టుపని అయ్యాక రోజూ కాసిని వచనాలు, నోటుపుస్తకాల్లో. కీర్తనల దాకా వచ్చాక ఇల్లు కురిసి పుస్తకాలన్నీ అట్టకట్టుకుపోయాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టింది. ఈసారి చెయ్యి పోయింది. పెన్ను నిలవదు. అప్పుడే నువ్వు ఈ ప్రోగ్రాం తెచ్చి మా కంప్యూటర్లో పెట్టి, "అత్తయ్యా, ఇక్కడ వచనం కింద నీకేం కావాలంటే అది రాసుకోవచ్చు" అని చూపించి వెళ్ళావు. నీకు గుర్తుందో లేదో.

నువ్వెళ్ళిన మర్నాడే మొదలెట్టింది. కాగితం బైబిలు ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి చూపుడు వేలితో, ఒక్కో వచనం దాని కింద గడిలోనే కొడుతుంది. పైన ఉన్నదే మళ్ళీ కింద. నేనూ అడిగాను, "పైన ఉంది కదే, అదే మళ్ళీ ఎందుకు?" అని. "పైది వాళ్ళు రాసింది. కిందది నేను రాసింది" అంది.

రోజుకి ఇరవై. జ్వరం వచ్చినా ఇరవై. నాలుగేళ్ళు. నువ్వే లెక్కేసుకో, ఇరవై తొమ్మిది వేలు దాటింది. గలతీయులకు రాసిన పత్రిక అయిపోవచ్చింది. ఇంక ఎంతో లేదు.

"రెండుసార్లు మొదలెట్టి ఆగిపోయాను, మూడోసారి కూడా ఆగితే అందరూ అయ్యో పాపం అంటారు. అయ్యేదాకా నీ నోట్లోంచి మాట రాకూడదు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. అందుకే నువ్వు నోట్సు ఎన్ని అని అడిగినప్పుడు నేను రాయలేదని రాశాను. నేను రాయలేదన్నది నిజమే కదా అనుకున్నాను. పిల్లిని కూడా అందుకే తెచ్చాను, నీ చూపు అటు పోతుందని. నీకు మూడు రోజులు పోతాయని, సారు ముందు తల దించుకుంటావని నాకు తట్టలేదు. వెధవ పని.

ఈ ఉత్తరం రాయొచ్చా అని మీ అత్తయ్యని అడిగాను. "రాయి" అంది.

ముప్ఫయ్యో తారీఖున ఆమె రాసిందంతా పోయి చివరి వెయ్యి మిగిలితే, నాకు ఆమె ముందు కూర్చుని చెప్పే ధైర్యం లేదు. నీ సంతకం వెనక్కి తీసుకో. ఎలా తీసుకుంటావో నాకు తెలీదు. తీసుకో.

మామయ్య


జూన్ 20

మామయ్యా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీదే చదివాను. తర్వాత సారు గది తలుపు కొట్టకుండా లోపలికి వెళ్ళాను.

ఆయన చదివారు. రెండోసారి చదివారు. "ఇరవై తొమ్మిది వేలా? చూపించు" అన్నారు. నా కంప్యూటర్లో ఇరవై తొమ్మిది వేల ఉత్తుత్తి నోట్సు నింపి, గొర్రెపిల్ల అని కొట్టాను. చక్రం తిరిగింది. సారు నా కుర్చీ వెనకే నిలబడ్డారు. పక్క సీటు అమ్మాయి టీ కలుపుకుని వచ్చింది, తాగేసింది, కప్పు కడిగి వచ్చింది. నాలుగు నిమిషాల ఆరు సెకండ్లు. నర్సమ్మగారి కాళ్ళకి దండం పెట్టానని చెప్పు. మొదటి ఉత్తరంలో ఉన్న ఒకే ఒక్క నిజాన్ని తీసి పారేసి, లేని పిల్లిని ఫైల్లో పెట్టాను. ఆ వెధవ పనిలో సగం నాది.

తప్పు ఎక్కడో చెబుతా. నేను ప్రతి నోటునీ ఒక్కో కవర్లో పెట్టి దాచేలా చేశాను. ఎవరైనా ఒక మాట అడిగితే, మొదటి కవరు నుంచి చివరిదాకా తెరిచి, చదివి, మూసి, తర్వాతది తెరవాలి. అడిగిన ప్రతిసారీ అంతే. నేను పరీక్షించిన కంప్యూటర్లో ఉన్నవి పన్నెండు నోట్సు. అందులో ఏడింటిలో "పరీక్ష" అనే రాసుంది. ఇంక నాకెలా తెలుస్తుంది? మిగతా ఫిర్యాదులు చేసినవాళ్ళకీ ఫోన్ చేసి అడిగాను. అందరూ ఎక్కువ రాసుకునేవాళ్ళే. ఒకాయన రోజూ డైరీ అందులోనే రాస్తాడట.

ఇప్పుడు ఏ మాట ఏ కవర్లో ఉందో ముందే ఒక జాబితా రాసి పెట్టేలా మారుస్తున్నాను. కొత్త నోటు రాయగానే జాబితాలో చేరుతుంది. కవర్లు తెరవక్కర్లేదు. సారు నా సంతకం ఉన్న కాగితం నా ముందే చింపేశారు. వెయ్యి హద్దు లేదు. "ఇలా వాడేవాళ్ళు ఉంటారని మనమెవరమూ అనుకోలేదు" అన్నారు. 'మనం' అన్నారు మామయ్యా, 'నువ్వు' అని నా ఒక్కదాని మీదే పెట్టలేదు.

ఇరవై ఐదో తారీఖున మీ ఒక్క ఇంటికి ముందుగా పంపిస్తాను. దానికన్నా ముందు అత్తయ్య రాసిందంతా రెండు చోట్ల దాచిపెడతాను. ఇక్కడి నుంచే చేస్తా, ఒక్క గడి కూడా తెరిచి చదవను. మొదటిసారి జాబితా తయారవడానికి కాస్త టైము పడుతుంది, కంగారుపడి తీగ పీకేయకు.

ఒక్క పని ఉంది. ఫైలు మూయాలంటే నీ ఉత్తరాల్లో ఏది నిజమో ఏది కల్పనో రాసి పంపమన్నారు సారు. "కాటా మీద ఒట్టు కూడా పెట్టాడే!" అని ఆశ్చర్యపోతున్నారు పాపం.

అత్తయ్య "రాయి" అన్నందుకు ఆమెకి నా ముద్దులు.

నీ గిన్నెకోడి


జూన్ 26

గిన్నెకోడీ, మరియు ఫైలు తెరిచి చదువుతున్న పెద్దసారు గారికీ,

నిన్న మధ్యాహ్నం మీ కొత్త ప్రోగ్రాం వచ్చింది. జాబితా రాసుకుంటున్నానని తెర మీద చెప్పి పదకొండు నిమిషాలు కదల్లేదు. తీగ పీకలేదు. పీకకుండా నా చేతుల మీద నేనే కూర్చున్నాను.

సాయంత్రం అందరూ వచ్చారు. నర్సమ్మగారు వాచీ పట్టుకున్నారు. గొర్రెపిల్ల అని కొట్టి నొక్కాను. నర్సమ్మగారు "ఊఁ, మొదలెట్టు" అన్నారు. "వచ్చేసిందమ్మా" అన్నాను. "నేనింకా చూడందే ఎలా వస్తుంది, మళ్ళీ కొట్టు" అన్నారు. నాలుగుసార్లు కొట్టించారు. నాలుగుసార్లూ ఆమె ఓడిపోయారు. పాస్టరుగారైతే "ఇంక నాకు మధ్యలో ఆలోచించుకునే టైము లేకుండా చేశావు కదయ్యా" అన్నారు, కానీ వరసగా పద్నాలుగు మాటలు వెతికించారు. తొమ్మిదింటికి పంపించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇప్పుడు ఫైలు కోసం. నేను కల్పించినవి ఇవి.

పాస్టరుగారు ఇంటికెళ్ళి భోంచేసి రావడం కల్పన. ఆయన కుర్చీలోంచి లేవలేదు. నర్సమ్మగారు ఏ కుర్చీలో కూర్చున్నా కంప్యూటరుకి తేడా లేదు, అదీ కల్పన. పిల్లీ, దాని పడకా, దాని భోజన విరామం, దాని బరువూ అన్నీ కల్పన. ఆ అంకె కాటా మీద ఒట్టేసి రాశానే, అందుకు మాత్రం సిగ్గుపడుతున్నాను. ముప్ఫై ఏళ్ళలో దొంగ తూకం వేసింది అదొక్కటే. వాచీ లెక్క నిజం. నెల నెలా నెమ్మదించిందన్నది నిజం. అట్టముక్క నిజం.

ఇంకొకటి ఉంది. ఇది సారు చదవక్కర్లేదు, చదివినా పర్లేదు.

రాయొచ్చా అని అడిగితే మీ అత్తయ్య "రాయి" అందని రాశాను. అది కల్పన. నేను అడగలేదు. ఆ పూట ఆమె కూరగాయలకి వెళ్ళింది. అడిగితే వద్దంటుందని భయం. వద్దన్నాక రాస్తే మాట తప్పినవాణ్ణవుతాను, అడక్కుండా రాస్తే ఏదో మర్చిపోయినవాణ్ణవుతాను అని నాకు నేనే చెప్పుకుని, ఆమె తిరిగొచ్చేలోపు పోస్టులో వేసొచ్చాను.

ఇవాళ పొద్దున చెప్పాను. ఆమె ఇరవైలో ఆరోది కొడుతోంది. వేలు ఆపింది. అంతా విన్నది, పిల్లి దగ్గర్నుంచి. నేను తిట్ల కోసం ఎదురుచూస్తున్నా. "నాలుగేళ్ళు ఎవరికీ చెప్పలేదా? నువ్వా?" అంది. "నేనే" అన్నాను. "నాలుగు నెలల్లోనే ఊరంతా చెప్పేసుంటావు, నా ముందు తెలియనట్టు నటిస్తున్నారనుకున్నాను అందరూ" అంది.

తర్వాత ఆ వెతికే గడిలో తనే ఏదో కొట్టి చూసుకుంది. ఇన్నాళ్ళూ అంతసేపు ఆగలేక తన రాత ఎప్పుడూ వెతుక్కోలేదట. సంఖ్యాకాండంలో రెండు వచనాలు ఒకదాని గడిలో ఇంకొకటి తారుమారుగా కొట్టినట్టు దొరికింది. సరిచేసుకుంది. చాలా సంతోషించింది. నీ మీద కూడా కోపం లేదు. నా మీద ఉందో లేదో ఇంకా తేల్చలేదు.

కాగితం బైబిలు నా ఒళ్ళో పెట్టింది. "తెలియాల్సినవాళ్ళకి తెలిసిపోయింది కదా, ఇంక చదువు, వింటూ కొడతాను. ఒళ్ళో చూడటం, తెర చూడటం, మెడ పోతోంది" అంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం. నేను పేర్ల దగ్గర తడబడితే తను అందించింది. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి ముప్ఫై అయ్యాయి, అధ్యాయం పూర్తయింది.

ఇది కల్పన కాదు.

మామయ్య